తాళాల చప్పుడు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో ఎనిమిది మంది టీమ్‌ను చూస్తాను. ఎంత టెన్షన్ ఉన్నా గొంతు పెంచనని, ఎవరేమన్నా నవ్వుతూనే ఉంటానని ఆఫీసులో అందరూ అంటారు. మొన్నామధ్య ఒక ట్రైనింగ్‌లో ఈక్యూ (భావోద్వేగ ప్రజ్ఞ) పరీక్ష పెడితే మా బ్యాచ్‌లో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. చప్పట్లు కూడా కొట్టారు.

ఇంటికొచ్చాక మాత్రం నేను వేరే మనిషిని. మా మేనేజర్ సాయంత్రం ఐదున్నరకు వచ్చి, “ఇది ఈరోజే కావాలి” అంటారు. “పర్లేదు సార్, చేసేస్తాను” అంటాను. పోయిన వారం మీటింగ్‌లో అందరి ముందూ, “ఇంత చిన్న విషయం కూడా చూసుకోలేదా?” అన్నారు. ఆ పొరపాటు మాది కాదు. అయినా నవ్వుతూ సారీ చెప్పాను. దారిలో ఫ్రెండ్‌కి ఫోన్ చేసి నలభై నిమిషాలు అంతా కక్కేశాను. మనసు తేలికవుతుందని రోజూ అలాగే చేస్తాను. ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి మా పాప నీళ్ల సీసా మూత సరిగా పెట్టక బ్యాగు తడిసిపోయింది. పదిహేను నిమిషాలు అరిచాను. ఆరు నెలల కిందటివన్నీ తవ్వి తీశాను. పాపకి తొమ్మిదేళ్లు. మా ఆయన, “ఆఫీసు కోపం ఇంట్లో చూపించకు” అన్నారు. దాంతో ఆయన మీద కూడా అరిచాను.

మొన్న ఆదివారం పక్కగదిలో పాప తన కజిన్‌తో అంటోంది: “అమ్మ వచ్చి తాళాలు టేబుల్ మీద పెడుతుంది కదా, ఆ చప్పుడు వింటాను. మెల్లగా పెడితే బయటికొస్తాను.” ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నాకు ఈక్యూ ఉన్నట్టా, లేనట్టా? నా మీద నాకు కంట్రోల్ రావాలంటే ఏం చేయాలి?

తా.క. వచ్చే నెల అదే ట్రైనింగ్ రెండో విడత ఉంది. వెళ్లమంటారా?

— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో తాళాల మాట దగ్గర ఆగి మళ్లీ మళ్లీ చదివాను. తొమ్మిదేళ్ల పిల్ల, ఎవరూ నేర్పకుండానే, ఇంట్లో వాతావరణం కనిపెట్టడానికి ఒక పద్ధతి తయారుచేసుకుంది. చేతిలో పుస్తకం ఉంటుంది, చెవి మాత్రం తలుపు దగ్గరుంటుంది. తలుపు తెరుచుకుంటుంది, రెండడుగులు పడతాయి, తర్వాత టేబుల్ మీద ఇనుము తగిలిన చప్పుడు. ఆ ఒక్క సెకనులో సాయంత్రం ఎలా గడవబోతోందో తేల్చేసుకుంటుంది.

భావోద్వేగ ప్రజ్ఞ అంటే ఏమిటో పీటర్ సాలోవే, జాన్ మేయర్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1990లో ఒక పద్ధతిగా రాశారు. ఏడేళ్ల తర్వాత దాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు. భావాన్ని గుర్తించడం, దాన్ని ఆలోచనకు వాడుకోవడం, ఎక్కడి నుంచి వచ్చిందో ఎటు పోతుందో అర్థం చేసుకోవడం, చివరికి సంబాళించుకోవడం. మొదటి మెట్టు గుర్తించడం అన్నది చూడండి. ఎదుటివాళ్లలోనే కాదు, తనలో కూడా. మీ ఇంట్లో ఆ మెట్టు మీ పాప ఎప్పుడో ఎక్కేసింది. మీరింకా దాని కిందే ఉండి, నాలుగోదాని కోసం చెయ్యి చాస్తున్నారు. తాళాలు విసిరిన చెయ్యి మీదే, కానీ ఆ చప్పుడు మీకు ఒక్కరోజూ వినబడలేదు.

మార్కుల సంగతికొస్తే, వాటి గురించి బాధా వద్దు, గర్వమూ వద్దు. ట్రైనింగుల్లో పెట్టే పరీక్షలు చాలావరకు మన గురించి మనమే చెప్పుకునేవి. “ఒత్తిడిలోనూ నేను ప్రశాంతంగా ఉంటాను: ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడూ.” మీరు “ఎప్పుడూ” దగ్గర టిక్కు పెట్టి ఉంటారు. అబద్ధం కూడా కాదు, ఆఫీసు వరకూ. ఆ కాగితం మీ పాపకిచ్చి, “మీ అమ్మ గురించి నింపు” అంటే వేరే మార్కులొచ్చేవి.

ఇప్పుడు అసలు విషయం. ఆఫీసులో మీకు కంట్రోల్ ఉంది, ఇంట్లో లేదు అని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ఆఫీసులో మీరు చేస్తున్నది మింగడం. మింగింది ఇంట్లో బయటికొస్తోంది. ఇద్దరు మనుషులు లేరు, ఉన్నది ఒకే కోపం. మన సామెత ఉండనే ఉంది, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1939లో దీన్నే ఒక సిద్ధాంతంగా రాశారు. మనిషిని అడ్డుకున్నవాడు బలవంతుడైతే, కోపం దారి మళ్లి బలహీనుడి మీద పడుతుందని. సామెత అంతకంటే పాతది, పైగా మూడు ముక్కల్లో చెప్పింది. కాకపోతే అందులో దుత్త ఏమనుకుందో ఎవరూ అడగలేదు. మీకు మాత్రం పక్కగదిలోంచి అదే వినబడింది.

మింగితే ఏమవుతుందో చూసిన పరిశోధన ఒకటి చెప్తాను. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు 1993లో కొంతమందికి చూడ్డానికి ఇబ్బందిగా ఉండే శస్త్రచికిత్స దృశ్యాలు చూపించారు. సగం మందికి ఊరికే చూడమని చెప్పారు. మిగతా సగానికి, ఏ భావమూ ముఖం మీద కనబడనీయొద్దని చెప్పారు. రెండోవాళ్లు బాగానే దాచారు. కానీ లోపలి వెగటు రవ్వంత కూడా తగ్గలేదు. పైగా, ఒంట్లో ఒత్తిడి గుర్తులు కొన్ని పెరిగాయి. భావాన్ని దాచుకుంటున్నప్పుడు జరిగినవి సరిగా గుర్తుండవని కూడా తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అందుకని ఒకటడుగుతాను. ఆ మీటింగ్‌లో, “సారీ సార్” అన్న తర్వాత ఎవరు ఏం మాట్లాడారో మీకు గుర్తుందా? నవ్వు నిలబెట్టుకోవడానికే బుర్రంతా ఖర్చయి ఉంటుంది.

ఉద్యోగంలో ఇలా ముఖం అద్దెకివ్వడం మీ ఒక్కరి సమస్య కాదు. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త 1983లో విమాన పరిచారికల గురించి రాస్తూ దీన్ని భావోద్వేగ శ్రమ అన్నారు. బరువులు మోసేవాడి చేతులు ఎలా అరుగుతాయో, రోజంతా లేని నవ్వు పెట్టుకునేవాళ్లకు లోపల ఏదో అలా అరుగుతుంది. తేడా ఏమిటంటే, బరువు మోసినవాడు ఇంటికొచ్చి “అలిసిపోయాను” అనగలడు. నవ్వి నవ్వి అలిసిపోయానని ఎవరూ అనరు. అంటే వినేవాళ్లు నవ్వుతారు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట నాకూ మీలాంటి పేరే ఉండేది. ఎవరి మీదా విసుక్కోననీ, ఎంత పనిచ్చినా కాదననీ. దాన్ని పతకంలా మెడలో వేసుకు తిరిగాను. ఒకరోజు పన్ను నొప్పని వెళితే డాక్టర్ నోట్లో లైటు వేసి చూసి, “రాత్రుళ్లు పళ్లు కొరుకుతారా?” అన్నారు. లేదన్నాను. “మీకు తెలియకపోవచ్చు, మీ పళ్లకు తెలుసు,” అని అద్దం పెట్టి చూపించారు. వెనక పళ్లు రెండు సానబట్టినట్టు అరిగిపోయి ఉన్నాయి. పగలు మింగిన మాటలన్నీ రాత్రి నములుతున్నానన్నమాట. మీకు పాప చెప్పింది, నాకు పళ్లు చెప్పాయి. నా నష్టం నాతో పోయింది, అంతే తేడా.

సరే, ఏం చేయాలి? మొదట ఆ “కోపం” అన్న మాటను కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో ఉన్నవన్నీ కోపమేనా? ఐదున్నరకు పని నెత్తిన పడినప్పుడు మీకు కలిగింది చిరాకు కావచ్చు, లేదా ఈ పూట కూడా పాప పడుకునేలోపు ఇంటికి చేరలేనేమో అన్న బెంగ కావచ్చు. మీటింగ్‌లో అందరి ముందూ ఆ మాట పడినప్పుడు మీరు చిన్నబోయారు. తప్పు మాది కాదని చెప్పలేక నవ్వినప్పుడు కలిగింది ఉక్రోషం. అంటే ఏమీ చేయలేనితనంలోంచి పుట్టే మంట. ఇంటికొచ్చి తడిసిన బ్యాగు చూసేసరికి ఉన్నది ఒట్టి అలసట. మీ ఆయన ఆ మాటన్నప్పుడు మనసు చివుక్కుమంది, నా పక్షాన ఎవరూ లేరని. అయిదు వేర్వేరు సంగతులు. అన్నిటికీ మీరు పెట్టిన పేరు ఒకటే.

పేరు పెట్టడంలో ఏముంది అనుకోకండి. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఒక ప్రయోగంలో, కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫొటోలు చూస్తున్నవాళ్ల మెదడు స్కాన్ చేసింది. ఆ భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు, ప్రమాద ఘంటిక మోగించే అమిగ్డలా అనే భాగంలో హడావుడి తగ్గింది. ఆ ముఖానికి ఊరికే ఒక మనిషి పేరు తగిలించమన్నప్పుడు అంత తగ్గలేదు. మాట దొరికితే మంట కొంత తగ్గుతుందన్నమాట.

నాకు మాత్రం అంతకంటే పనికొచ్చేది ఇంకొకటి కనిపిస్తుంది. సరైన పేరు దొరికితే, తర్వాత ఏం చేయాలో ఆ పేరే చెప్తుంది. అలసటకు విశ్రాంతి కావాలి, ఎవరితోనూ మాట్లాడి లాభం లేదు. బెంగకు ఒక ఫోన్ చాలు, “ఈరోజు ఎనిమిదవుతుంది, నువ్వు తినేసెయ్” అని. చిన్నబోతే, చిన్నబుచ్చిన మనిషితోనే మాట్లాడాలి, అదీ విడిగా. ఉక్రోషమైతే, నా చేతిలో ఉన్నదేది, లేనిదేది అని కాగితం మీద గీత గీసుకుని చూడాలి. ఒట్టి “కోపం” అనుకుంటే ఇందులో ఏదీ తట్టదు. తట్టేది అరవడమో, అరవకుండా బిగబట్టడమో, రెండే.

అందుకని ఒక చిన్న పని. రెండు వారాలు చేయండి చాలు, జీవితాంతం అక్కర్లేదు. ఆఫీసు నుంచి కదిలేముందు, కుర్చీలోంచి లేవకుండా, ఆ రోజు మీకు గుచ్చుకున్న ఒక్క సంఘటన రాయండి. దాని పక్కన ఒక్క మాట. కోపం అన్న మాట వాడకూడదన్నది ఒక్కటే నియమం. నొచ్చుకున్నాను, విసిగిపోయాను, భయపడ్డాను, కుళ్లుకున్నాను, అలిగాను, దిగులేసింది... మన భాషలో ఈ సరుకు బోలెడుంది. కుళ్లు అని రాయాల్సి వచ్చిన రోజు సిగ్గేస్తుంది. రాయండి, ఎవరూ చూడరు. అదే చోట రేపటికి మిగిలిన పనులు కూడా రాసి, ఏది ఎన్నింటికి మొదలుపెడతారో పక్కన వేయండి. పూర్తికాని పని బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తి కాకపోయినా ఎప్పుడు చేస్తామో ఖాయం చేసుకుంటే ఆ తిరుగుడు తగ్గుతుందని మసికాంపో, బామైస్టర్ 2011లో చూపించారు. అంటే ఇంటికి వెళ్లాక సాంబారు గరిటె పట్టుకునో, పాప లెక్కలు చూస్తూనో మీరు ఆఫీసు ఫైళ్లు తిప్పే అవసరం కొంత తప్పుతుంది.

ఇప్పుడు ఆ నలభై నిమిషాల ఫోన్. మీకిది నచ్చదని తెలుసు. అది మానేయండి. కనీసం ఇప్పుడు మాట్లాడుతున్నట్టు మాట్లాడడం మానేయండి. కక్కేస్తే తేలికవుతుందన్నది మనందరి నమ్మకం. కుక్కర్‌లో ఆవిరి వదిలినట్టు అనుకుంటాం. మనసు కుక్కర్ లాంటిది కాదు. బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు 2002లో కొన్ని వందల మంది విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశాడు. వాళ్లు రాసిన వ్యాసాలను పరమ చెత్తగా ఉన్నాయని తిట్టించి కోపం తెప్పించాడు. తర్వాత కొందరిని, తిట్టినవాణ్ణి తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దమన్నాడు. ఇంకొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నాడు. మిగతావాళ్లు రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. తిట్టినవాణ్ణి తలుచుకుంటూ గుద్దినవాళ్ల కోపమే అందరికంటే ఎక్కువగా ఉంది. తర్వాత అవకాశమిస్తే ఎదుటివాడి మీద కసి కూడా వాళ్లే ఎక్కువ చూపించారు. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లలో ఆ కసి అందరికంటే తక్కువ.

ఇప్పుడు మీ సాయంత్రం చూడండి. మేనేజర్ ఆ మాట అనడానికి పట్టింది అయిదు సెకన్లు. మీరు దాన్ని నలభై నిమిషాలు, ఆయన గొంతు అనుకరిస్తూ, “అప్పుడు నేనేమన్నాననుకున్నావ్” అంటూ మళ్లీ మళ్లీ నడిపించారు. మీ ఫ్రెండ్ “వాడెప్పుడూ అంతేనే” అని ఆజ్యం పోసి ఉంటుంది, పాపం ప్రేమకొద్దీ. ఇంటి తలుపు దగ్గరికి వచ్చేసరికి మీరు తేలికవలేదు, బాగా కాగి ఉన్నారు. తాళాల చప్పుడు అక్కడి నుంచి వచ్చింది.

స్నేహం మానుకోమని కాదు. ఆ అమ్మాయితో ముందే ఒక మాట అనుకోండి. పది నిమిషాలు నేను చెప్తాను, తర్వాత నువ్వు నన్ను అడగాల్సింది ఒక్కటే, “రేపు ఏం చేద్దామనుకుంటున్నావు?” అని. ఆ ప్రశ్న అడగగలిగిన ఫ్రెండ్ దొరకడం అదృష్టం. మిగిలిన దారి ఏమీ వినకుండా, ఏమీ మాట్లాడకుండా రండి. కావాలంటే ఊపిరి పీల్చే సమయం కంటే వదిలే సమయం కాస్త ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొద్దిగా తగ్గుతుంది, ఆ పని మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ అనే నాడిది. అంతకుమించిన మహత్యం దానికి నేను అంటగట్టను.

ఇదంతా చేసినా, ఆఫీసులో మింగడం ఆపకపోతే నీళ్లు తోడుతూ పంపు తెరిచి ఉంచినట్టే. అక్కడ ఎదురు తిరగమని అనను. జీతం ఆయన సంతకంతో వచ్చేచోట “నా భావాలు దెబ్బతిన్నాయి సార్” అనమని సలహా ఇవ్వడం తేలిక, అనడం తేలిక కాదు. కానీ భావం పేరెత్తకుండానే భావానికి న్యాయం చేయొచ్చు. ఐదున్నర పని వచ్చినప్పుడు “పర్లేదు సార్” బదులు ఇలా అనండి: “చేస్తాను సార్. ఇది ఇప్పుడు పట్టుకుంటే పొద్దున పదింటికి అనుకున్న రిపోర్ట్ మధ్యాహ్నానికి వెళ్తుంది. ఏది ముందు కావాలి?” ఆయన రెండూ అంటారు. అప్పుడు “రెండూ కావాలంటే ఒకరిని ఇవ్వండి” అనండి. మొదటిసారి ఇవ్వరు, రెండోసారీ ఇవ్వరు. కానీ పనికి ఒక కొలత ఉందని ఆయన చెవిన పడుతుంది. మీకైతే, మింగలేదన్న సంగతి ఒంటికి తెలుస్తుంది.

మీటింగ్ సంగతి అక్కడికక్కడ తేల్చలేకపోవడం సహజమే. మర్నాడు పొద్దున, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లండి. కూర్చోమనేదాకా ఆగకండి, నిలబడే చెప్పేయొచ్చు: “నిన్న మీటింగ్‌లో ఒక తేడా గురించి అడిగారు కదా సార్. ఆ ఫైల్ మా దగ్గరికి వచ్చేసరికే అలా ఉంది, ఇదిగో మెయిల్. ఇంకోసారి ఇలాంటిదుంటే ముందు నన్ను విడిగా అడగండి, వివరాలతో వస్తాను.” అంతే. మూడు వాక్యాలు. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని వెళ్లండి, గొంతు వణికితే వణకనివ్వండి. గొంతు వణికినంత మాత్రాన మెయిల్‌లో ఉన్న తేదీ మారదు.

ఇది నాలుగైదుసార్లు చేసి చూసినా ఆయన అందరి ముందూ తిట్టడం ఆపకపోతే, అది మీ ఈక్యూ సమస్య కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలనుంది, ఎందుకంటే పనిచేసే చోట ఉన్న జబ్బుకు పనిచేసేవాళ్ల ప్రశాంతతను మందుగా వాడడం ఈమధ్య బాగా అలవాటైంది. మనుషులు చాలరు, గడువులు కుదరవు, పైవాడి నోరు మంచిది కాదు. దానికి పరిష్కారంగా కింద ఉన్నవాళ్లకు ఊపిరి తీసుకోవడంలో శిక్షణ! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను తన వర్గీకరణలో వివరిస్తూ, దాన్ని జబ్బు కింద రాయలేదు. సరిగా సంబాళించని దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల కలిగే పరిస్థితిగా, వృత్తికి సంబంధించిన విషయంగా రాసింది. సత్తువ ఇంకిపోవడం, పని మీద విరక్తి పుట్టడం, చేసేదేదీ సరిగా చేయడం లేదనిపించడం, ఈ మూడూ దాని లక్షణాలు. అక్కడిదాకా వస్తే హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా చెప్పడం, వేరే విభాగానికి మారడం, ఉద్యోగం వెతుక్కోవడం, ఇవి కూడా భావోద్వేగ ప్రజ్ఞలో భాగమే. ట్రైనింగ్‌లో ఈ అధ్యాయం ఉండదు.

మీ ఎనిమిది మంది గురించి ఒక్కమాట. మీ నవ్వు వాళ్లను కాపాడుతోందని అనుకుంటున్నారేమో. 2003లో ఎమిలీ బట్లర్, మరికొందరు ఒక ప్రయోగంలో, ముఖ పరిచయం లేని ఇద్దరిద్దరు ఆడవాళ్లను ఒక బాధాకరమైన చిత్రం చూపించి మాట్లాడుకోమన్నారు. ఒకరికి మాత్రం రహస్యంగా భావాలు దాచమని చెప్పారు. రెండోవాళ్లకు ఆ సంగతి తెలియదు. అయినా వాళ్ల రక్తపోటు పెరిగింది, ఆ మనిషితో స్నేహం చేయాలనీ అనిపించలేదు. మీ టీమ్‌కీ మీ తాళాల చప్పుడు లాంటిదేదో ఈపాటికి తెలిసే ఉంటుంది. మీరు కీబోర్డు కొట్టే తీరో, “ఊఁ” అనే తీరో. ధైర్యం ఉంటే వాళ్లలో ఒకరిని అడిగి చూడండి.

ఇక పాప. అసలు ఇక్కడి నుంచే మొదలుపెట్టాల్సింది, కానీ మీరు ఈ భాగం ఒక్కటే చదివి మిగతాది వదిలేస్తారని చివర పెట్టాను.

క్షమాపణ చెప్పండి. ఈ వారమే, మీరిద్దరే ఉన్నప్పుడు. “ఆ రోజు సీసా మూత గురించి అంతసేపు అరిచాను. మూత పెట్టకపోవడం చిన్న తప్పు. అంతలా అరవడం నా తప్పు. ఆఫీసులో ఒకరి మీద ఉన్న కోపం నీ మీద చూపించాను.” దీని తర్వాత “కానీ” అన్న మాట రాకూడదు. “కానీ నువ్వు కూడా కొంచెం జాగ్రత్తగా ఉండాలి కదా” అన్నారంటే ముందు చెప్పిందంతా పోతుంది, ఆ పిల్ల చెవిలో ఆ కానీ మాత్రమే మిగులుతుంది. ఇంకెప్పుడూ అరవను అని మాటివ్వకండి, అరుస్తారు. ఏడవకండి కూడా, వస్తే ఆపుకోనక్కర్లేదు గానీ, మిమ్మల్ని ఓదార్చే పని దాని మీద పెట్టకండి. తొమ్మిదేళ్లకు అది చాలా పెద్ద డ్యూటీ.

అది వచ్చి మిమ్మల్ని కావలించుకుంటుందని ఎదురుచూడకండి. “సరేలే అమ్మా” అని బొమ్మలు గీసుకోవడానికి పోతుంది. రెండు రోజుల తర్వాత కావాలనే ఏదో ఒకటి పడేసి మీ ముఖం చూస్తుంది. పరీక్ష పెడుతోందన్నమాట. ఈ పరీక్షలో మార్కులు వేసేది మీరు కాదు.

పిల్లలకు అమ్మకు కోపం రావడం కంటే, ఎందుకొచ్చిందో తెలియకపోవడం ఎక్కువ భయం. కారణం తెలియనప్పుడు, తమ వల్లే అనుకుంటారు. కాబట్టి బాగాలేని రోజు తలుపు తీయగానే చెప్పేయండి: “ఈరోజు ఆఫీసులో నాకు బాలేదు. నీ వల్ల కాదు. ఒక పావుగంట ఒక్కదాన్నే కూర్చుని వస్తాను.” పావుగంట అంటే పావుగంటకే రండి. ఆ సమయం మీద నిలబడడం, ఇప్పటిదాకా నేను చెప్పిన వాటన్నిటికంటే ముఖ్యం.

మళ్లీ అరుస్తారు. ఆ రోజు నోట్లోంచి మాట సగంలో ఉండగానే తెలిసిపోతే, సగంలోనే ఆపేయండి. వాక్యం పూర్తి చేయాలన్న రూలేం లేదు. “ఆగు, ఇది నీ మీద కోపం కాదు” అని గదిలోంచి వెళ్లిపోండి. ఇబ్బందిగా, నాటకీయంగా ఉంటుంది. పర్లేదు.

ఒక జాగ్రత్త. తాళాల మాట మీరు విన్నారని దానికి చెప్పకండి. దొంగతనం దొరికినట్టు ముడుచుకుపోతుంది. అలాగే, రేపటి నుంచి తాళాలు మెల్లగా పెట్టడం ప్రాక్టీస్ చేయకండి. మీకు వెంటనే తట్టేది అదే అని నాకు తెలుసు, ఆఫీసులో నవ్వు కూడా మీరు అలాగే ప్రాక్టీస్ చేసి ఉంటారు. లోపల మండుతూ బయట తాళాలు మెత్తగా దించితే, ఆ పిల్లకున్న ఒక్క ఆధారమూ పోతుంది. నమ్మి బయటికొచ్చి, ఎదురు దెబ్బ తింటుంది. చప్పుడు ఎలా వస్తే అలా రానివ్వండి. దాని వెనకే నోటిమాట కూడా వస్తే చాలు. కొన్నాళ్లకు అది చప్పుడు కోసం కాకుండా మాట కోసం ఆగుతుంది.

మీ ఆయనతో పెద్ద చర్చ వద్దు. ఆయనన్న మాట తప్పు కాదు, అన్న సమయం తప్పు. మండుతున్నప్పుడు సలహా ఇవ్వొద్దనీ, అప్పుడు పాపను తీసుకుని పక్కగదికి వెళ్లమనీ, మాట్లాడాలంటే అది పడుకున్నాక మాట్లాడమనీ ఒక మంచి పూట చూసి చెప్పండి.

ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర లేదని రాశారు. కొద్ది రోజులైతే అది మనసు చేస్తున్న పని, చేయనివ్వండి. వారాలు దాటినా నిద్ర రాకపోతే, ఏ పనీ పట్టకపోతే, చెయ్యి పాప మీదికి లేస్తే, బతకడం దండగనిపిస్తే మాత్రం ఇలాంటి జవాబులతో సరిపెట్టుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆ వారమే.

తా.క. మీరడిగిన ట్రైనింగ్ సంగతి. వెళ్లండి, ఉచితంగా ఒక రోజు కూర్చోవచ్చు కదా. మళ్లీ ఆ పరీక్ష పెడితే, ఈసారి ప్రతి ప్రశ్నకూ సాయంత్రం ఏడు గంటల మనిషిని తలుచుకుని టిక్కు పెట్టండి. మార్కులు తగ్గుతాయి, చప్పట్లు వేరే ఎవరికో వెళ్తాయి. ఆ రోజు మాత్రం ఐదున్నరకు ఎవరైనా ఫైల్ పట్టుకుని వస్తే, ఏది ముందు కావాలో అడగడం మర్చిపోకండి.